అన్నకు దగ్గయితే తమ్ముణ్ని చూపించింది

చలి ముదిరింది. పొద్దటి నుంచి హనుమకొండ అవతల మా చిన్న దవాఖానల పిల్లల దగ్గులే దగ్గులు. విని విని నా చెవులు నొప్పి పుట్టినయి.

మధ్యాహ్నం ఒకామె నాలుగేండ్ల పిల్లగాన్ని బల్ల మీద కూసోబెట్టింది. స్టెతస్కోప్ పెట్టి విన్న. ఈ రోజు నేను విన్న మొదటి శుభ్రమైన ఊపిరి అదే.

“వీనికేం లేదు కదమ్మా!”

“వీనికి కాదు డాక్టరమ్మా, వీని అన్నకు. కవల పిల్లలు, ఇద్దరు ఒక్క తీరుగనే ఉంటరు. వానికి చలిగాలి తగులుతదని ఇంట్ల పండవెట్టి వీన్ని తెచ్చిన. వీన్ని చూసి వానికి మందియ్యమ్మా.”

నాకు నవ్వే ఓపిక కూడ లేకుండె. పిల్లగాన్నే అడిగిన: “మీ అన్న ఊపిరి ఎట్ల తీస్తాండు బిడ్డా?”

వాడు ముక్కుపుటాలు ఎగరేసి, డొక్కలు లోపలికి గుంజి, మూలుగుతూ చూపించిండు.

అది నిమోనియా పట్టిన పిల్లల ఊపిరి. వాళ్లింటికి పోదామని నేను లేచి సంచి అందుకున్న. “మా పిల్లలు పిల్లలు కారా?” అని లైన్ల ఉన్న తల్లులు గట్టిగనే అన్నరు.

ఆ అన్నకు పెన్సిలిన్ సూది ఇచ్చి, రిక్షాల వరంగల్ పెద్దదవాఖానకు నేనే తీసుకపోయిన. ఇప్పుడు జర నయం.

వాపసొచ్చేసరికి మా వరండా ఖాళీ. తల్లులందరు దగ్గే పిల్లలను ఎత్తుకొని ఎల్లిపోయిండ్రు.

మీరైతే ఏం చేసేటోళ్లు? చెప్పుండ్రి. కాని ఒక్కటి యాదిల పెట్టుకోండ్రి: ఎల్లిపోయినోళ్లల్ల ఎవరి డొక్కలు అట్లనే లోపలికి గుంజుతున్నయో నేను చూడనే లేదు.