అమ్మకు వేయించని సూది

చింతామణి పక్కన మా ఊర్లో పట్టుపురుగులకు జరిగిన మర్యాద మనుషులకు జరగలేదు. ఈ మాట కడుపుమంటతోనే అంటాండాను, ఎవరేమనుకున్నా సరే. ధర ఎక్కువైనా మా నాయన రోగం లేదని సర్కారు వాళ్ళు పరీక్ష చేసిన పురుగు గుడ్లనే కొనేవాడు. పురుగుల కొట్టంలోకి కాళ్ళు కడుక్కోకుండా ఎవరన్నా అడుగుపెడితే తిట్టి తరిమేవాడు.

ఆ ఏడు వీధిలో ఎలుకలు చచ్చి పడినాయి. అంటే ప్లేగు వస్తాదని పిల్లలకు కూడా తెలుసు. ఉన్నవాళ్ళు పొలాల్లో గుడిసెలు వేసుకొని ఊరు ఖాళీ చేసినారు. మేము కదల్లేదు. పురుగులు గూడు కట్టబోయే ముందు వారం అది, రేయింబగళ్ళు మల్బరీ ఆకు మేస్తాండాయి.

ప్లేగు సూది వేసే ఆయన మా వాకిట్లోకి వచ్చినాడు. దమ్మిడీ అడగలేదు. "రెండు దినాలు జ్వరం వస్తాదమ్మా, చెయ్యి ఎత్తలేవు, అంతే" అన్నాడు. అమ్మ కొంగు పైకి తోసుకొని చెయ్యి చాపింది.

నాయన అడ్డమొచ్చినాడు. "ఈమె పడుకుంటే ఆకు ఎవరు కోస్తారప్పా? కూలి మనిషిని పెట్టేంత యాడుండాది మాకు? గూళ్ళు దిగినాక వేయించుకుంటాదిలే."

"నీ ఇష్టం ఏందమ్మా?" అని ఆయన అమ్మనే అడిగినాడు. పాపం, మా ఇండ్ల సంగతి ఆయనకేం తెలుసు. అమ్మ నాయన మొగం చూసి, చెయ్యి వెనక్కి తీసుకునింది. "గూళ్ళు దిగనీప్పా" అనింది. అది అమ్మ ఇష్టమేనని నాయన బతికినన్నాళ్ళూ అందరికీ చెప్పుకున్నాడు.

నన్ను మాత్రం ముందుకు తోసినాడు. ఏడేండ్ల పిల్ల పడుకుంటే ఏ పని ఆగుతాది? జ్వరంతో నేను మూలుగుతాంటే అమ్మ ఆకు మోపు దించి, నా నుదురు తాకి, మళ్ళీ తోటకు పరుగెత్తేది.

పురుగులు గూడు కట్టేనాటికి అమ్మ చంకలో గడ్డ లేసింది. గూళ్ళు దింపేటప్పుడు అమ్మ లేదు. పంట బాగా వచ్చింది, చిక్కబళ్ళాపురంలో మంచి ధరకు పోయింది.

ఏడాది తిరక్కముందే, ఆకు కోసే దిక్కు లేదని నాయన మళ్ళీ పెండ్లి చేసుకున్నాడు. కొత్త గుడ్లు ఇంటికి తేకముందే తానే బండి కట్టి, ఆమెను చింతామణికి పిలుచుకొని పోయి సూది వేయించినాడు. నాయనకు బుద్ధి వచ్చిందని ఊర్లో మెచ్చుకున్నారు. ఆ బుద్ధి ఒక్క పంట ముందు వచ్చింటే నాకు అమ్మ ఉండేది.