తలుపు తీయకు

నా చిన్నప్పుడు చర్ల దగ్గరి మా ఊళ్లో సినిమా హాలు లేదు. ఆ లోటు పక్కింటి అక్క తీర్చింది. ఎండాకాలం మధ్యాహ్నాలు వాళ్ల పెంకుటింటి కిటికీలు మూసి, సందులకు గోనెపట్టాలు కప్పి, పిల్లలందరినీ చీకట్లో కూర్చోబెట్టేది. తలుపు చెక్కకున్న చిన్న చిల్లులోంచి వెలుగొచ్చి, బయటి బాట ఎదురు గోడమీద బొమ్మగా పడేది. అంతా తలకిందులు. ఊరి పెద్దమనుషులు సైతం కాళ్లు పైకి పెట్టి నడిచేవారు. అదే మాకు బాగా నచ్చేది. టికెట్టు దోసెడు ఇప్పపూలు. వాటినేం చేసేవారో వాళ్ల నాయనకే తెలియాలి.

ఆ ఏడు మా అమ్మ మిరపకాయ కోతలకు ఎర్రుపాలెం వైపు వెళ్లింది. ఈస్టరుకు వారం ముందొచ్చే మట్టల ఆదివారానికి వస్తానంది. చర్చిలో పంచిన మట్టలు ఎండిపోయాయి గాని అమ్మ రాలేదు. నేనేమీ ఏడవలేదు. కంట్లో నలుసు పడిందని మూడు రోజులు చెప్పుకున్నానంతే.

ఆ మధ్యాహ్నం గోడమీద ఒక ఆడమనిషి నడిచింది. మొహం మసక. నెత్తిన మూట మాత్రం ఉంది.

"మా అమ్మొచ్చింది!" అని లేచాను.

"కూసోరా. తలుపు తీస్తే బొమ్మ పోతది," అంది అక్క.

తీశాను. ఎండ లోపలికి దూకింది, గోడ ఉత్త గోడైపోయింది. బాటమీద చీపుర్లమ్మే ముసలమ్మ నిలబడి, "ఏంది బిడ్డా, గట్ల చూస్తున్నవ్? చీపురు గావాల్నా?" అంది.

పిల్లలంతా నవ్వారు. అక్క నవ్వలేదు. తలుపు మూసి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"సరిగ్గ కనబడనంత సేపు ఆమె మీ అమ్మే గదరా. నీకేం తొందర?"

మర్నాడు మళ్లీ ఎవరో మూటతో నడిచారు. ఈసారి నేను లేవలేదు. ఆమె గోడ చివరిదాకా వెళ్లి మాయమైంది. అంతసేపూ అమ్మే.

అసలు అమ్మ ఈస్టరు దాటాక వచ్చింది. ఒళ్లంతా మిరపఘాటు. దగ్గరికి తీసుకోగానే ఇద్దరం తుమ్ములే తుమ్ములు. ఇక ఏడుపుకి సందెక్కడ?

ఇప్పుడు ఫోన్లో చూసే వెబ్ సిరీసుల్లో మొహాలన్నీ చీకట్లోనే ఉంటున్నాయి. ఎవరు బతికారో, ఎవరు పోయారో ఆఖరుకైనా చెప్పరు. "జర వెలుతురు పెంచు, ఏం కనబడ్తలేదు," అని మా ఆవిడ గోల. నేను పెంచను. అమ్మ పోయి రెండేళ్లయింది. ఆ మసకలో ఎవరైనా మూటతో నడుస్తుంటే, వాళ్లు తెర దాటేదాకా నేను తలుపు తీయను.