సీసాలో పులిసిన నల్లరంగు

శ్రీకాళహస్తిలో మా వీధిలో నేలమీద ఒక్క తుప్పు మేకు కూడా కనబడదు. కలంకారీ నల్లరంగు కోసం అందరూ ఏరుకెళ్లి, కుండలో బెల్లం నీళ్లతో మూడు వారాలు పులియబెడతారు.

ఏడో తరగతిలో నాకంత ఓపిక లేదు. గాలి బయటికి పోకపోతే త్వరగా పులుస్తుందని, మేకులూ బెల్లం నీళ్లూ గాజు సీసాలో పోసి, మూత బిగించి ఎండలో పెట్టాను. నాలుగో రోజు చూద్దామని దగ్గరికెళ్లేసరికి ఢామ్మని పేలింది! రంగు పట్టడానికి నాయన కరక్కాయ నీళ్లలో ముంచి ఆరేసిన గుడ్డలన్నీ చుక్కలు చుక్కలుగా నల్లబడ్డాయి. నా కనుబొమ్మ చిట్లి రక్తం కారింది.

నాయన గుడ్డలవైపు చూడనేలేదు. "కన్ను కనబడతా ఉండాదా పాపా? నన్ను సూడు!" అన్నాడు.

"కనబడతా ఉండాది నాయనా. ఈసారి మూత వదులుగా పెడతా," అన్నాను.

అప్పుడు పడింది వీపు మీద దెబ్బ.

ఇప్పుడు మా ఇంట్లో నల్లరంగు పులియబెట్టేది నేనే. కుండకు పలచటి గుడ్డే కడతాను. ఓపిక మాత్రం ఇంకా రాలేదు. రోజూ విప్పి చూస్తూనే ఉంటాను.