లింబాద్రి సెల్యూట్

దోహా శివారులోని కంపెనీ క్యాంప్ గేటు దగ్గర లింబాద్రిది కాపలా డ్యూటీ. మిలిటరీలో జవానుగా చేసి, ఆపైన ఊళ్లో సర్పంచిగిరీ వెలగబెట్టి, తొంభై అయిదు ఎన్నికల్లో ఓడిపోయి ఇటొచ్చాడు. బూట్లు మాత్రం ఇప్పటికీ మొహం కనపడేలా తుడుస్తాడు. పొద్దున్నే బస్సెక్కే కూలీలందరికీ ఓట్లడిగినట్టు దండం పెడతాడు. వాళ్లు నవ్వి, "నమస్తే సర్పంచ్ సాబ్" అంటే చాలు, మీసం మీదికి చెయ్యి పోతుంది.

ఆ ఎండాకాలం క్యాంప్‌లో తాగేనీళ్లు చెడి, ఇద్దరు ఆస్పత్రి పాలయ్యారు. కూలీలు పని ఆపేసి గేటు లోపల గుమిగూడారు. "మేనేజర్ మాటిచ్చేదాక గేటు తియ్యకు సర్పంచ్ సాబ్. నువ్వే మాట్లాడాలె," అన్నాడు కూలీల్లోంచి గజేందర్. "నేనున్న గద! మీరు ఊకె సూడుండ్రి," అని లింబాద్రి గొంతు సవరించుకున్నాడు. కారొచ్చింది. మేనేజర్ అద్దం దించి "యల్లా!" అని, తొందరగా తియ్యమన్నట్టు అరబ్బీలో ఒక్క కేక వేశాడు. లింబాద్రి మడమలు టక్కున కలిశాయి. కుడిచెయ్యి నుదుటికి లేచింది, ఎడమచెయ్యి గేటు తీసింది. కారు ఆగకుండా కూలీల పక్కనుంచే లోపలికి పోయింది.

మర్నాడు పొద్దున అతను ఎప్పట్లాగే దండం పెట్టాడు. కూలీలు ఒక్కొక్కరే అతని ముందు ఆగి, మడమలు కలిపి, సెల్యూట్ కొట్టి బస్సెక్కారు. ఒక్కరూ నవ్వలేదు.