నాయన ఫోన్‌లో నవ్వు

ఆత్మకూరు బస్టాండు టీకొట్టులో కొత్త పాట మొదలవుతూనే అందులో ఎవరో అమ్మాయి కిలకిలా నవ్వింది. పక్కనున్న అమ్మ చేతిలో గ్లాసు ఆగిపోయింది.

నా చిన్నప్పుడు ఎండాకాలం మా ఊరు మర్రిపాడులో మేత దొరక్క, నాయన గొర్రెల మందను చేజర్ల పొలాలకు తోలుకుపోయేవాడు. ఓ సాయంత్రం అవ్వ ఆయనకు ఫోన్ చేసి, ఉలిక్కిపడి పెట్టేసింది.

"ఎవుతో నవ్వతా ఉండాది వాడికాడ!"

అమ్మ మళ్లీ చేసింది. అదే నవ్వు వినపడగానే తనూ పెట్టేసింది. ఆ పూట పొయ్యి వెలగలేదు.

"ఆమె మనింటికొస్తే యాడ పడుకుంటాదిమా?" అని అడిగాను.

తెల్లారి అమ్మ నన్ను వెంటబెట్టుకుని చేజర్ల బస్సెక్కింది. మంద దగ్గర నాయన ఒక్కడే ఉన్నాడు. అమ్మ పలకరించకుండా, ఎదురుగా నిలబడే ఆయనకు ఫోన్ చేసింది. నాయన చేతిలో మామూలు గంట మోగింది. అమ్మ తన ఫోన్‌ను ఆయన చెవికి ఆనించింది.

"ఎవురే ఈమె?" అన్నాడు నాయన బిత్తరపోయి.

అది పాట మొదట్లో వచ్చే నవ్వని, ఫోన్ కంపెనీవాళ్లు పెట్టిన కాలర్ ట్యూనని తర్వాత తెలిసింది. ఫోన్ చేసేవాళ్లకే తప్ప ఆయనకు ఏనాడూ వినపడలేదు.

అమ్మ నవ్వుతుందనుకున్నాను. గట్టు మీద కూలబడి ఏడ్చింది.

ఈరోజు కూడా, అదే పాట పూర్తిగా అయిపోయాకే అమ్మ గ్లాసు పైకెత్తింది.