నేను బూచోణ్ణయిన సాయంత్రం

నా చిన్నప్పుడు శామీర్‌పేట చెరువు ఒడ్డున నాగరికతకీ అనాగరికతకీ మధ్య ఘోరమైన పోరు జరిగింది. ఒకవైపు కర్రలు, ఒకవైపు వలలు, నడుమ నేను. ఇలా మొదలుపెట్టి ఇతిహాసమే రాద్దామనుకున్నాను. కానీ జరిగింది అంత లేదు. బడి ఆటో నన్ను మరిచిపోయి వెళ్ళిపోయింది. వేరేవాళ్ళు తెచ్చి దిగబెట్టారు. అంతే కథ. భయం మాత్రం ఇతిహాసానికి సరిపడా పడ్డాను.

మా కాలనీలో అందరం ఉద్యోగాల కోసం కోస్తా జిల్లాల నుంచి వచ్చినవాళ్ళమే. చుట్టూ ఎత్తయిన గోడ. గోడ అవతల చెరువు, చెరువు పక్కన చేపలు పట్టేవాళ్ళ ఇళ్ళు. వాళ్ళని మేం చెరువోళ్ళు అనేవాళ్ళం. కాలనీ సంఘానికి మా పెదనాన్న పెద్ద. ఆదివారాలు పిల్లలందరినీ మేడ మీద కూర్చోబెట్టి చరిత్ర చెప్పేవారు. ఆయన చరిత్ర ఒక నిచ్చెన. పై మెట్టు మీద ఇంగ్లీషువాళ్ళు. వాళ్ళే రాకపోతే మనకి రైలు లేదు, ప్యాంటు లేదు, ఇంకా చెట్ల మీదే ఉండేవాళ్ళం. నడి మెట్టు మీద మనం, ఎక్కుతూ ఉన్నాం. కింది మెట్టు మీద చెరువోళ్ళు. "వాళ్ళకి సివిలైజేషన్ ఇంకా రాలేదురా" అనేవారు, సికింద్రాబాద్ బస్సు ఇంకా రాలేదన్నట్టు. మనం ఎక్కుతున్నామనడానికి గుర్తుగా ఆయన పెరుగన్నం కూడా చెంచాతోనే తినేవారు. ఎవరూ చూడటం లేదనుకుంటే చెంచా పక్కన పెట్టేవారు.

కింది మెట్టువాళ్ళతో మా ఇంట్లో ఒక ఉపయోగం ఉండేది. నేను అన్నం తినకుండా మొండికేస్తే మా అమ్మ గోడ వైపు చూసి, "అదిగో చెరువోళ్ళు వస్తున్నారు, వలేసి పట్టుకుపోయి వండుకు తింటారు" అనేది. నేను నమలకుండానే మింగేవాణ్ణి. రెండో తరగతి దాకా నా ఒంటికి పట్టిన ప్రతి ముద్దా అలా భయంతో దిగినదే.

ఆ రోజు బడి నుంచి వస్తుంటే వాన. చెరువు కట్ట దగ్గర ఆటో ఆగిపోయింది. ఆటో అంకుల్ ఏదో విప్పి ఏదో ఊదుతున్నాడు. నాకు తుప్పల వెనక అత్యవసరమైన పని పడింది. ముగించుకుని వచ్చేసరికి ఆటో లేదు. అంతమందిని కుక్కిన బండిలో ఒకడు తగ్గితే ఎవరికి తెలుస్తుంది? మిగతావాళ్ళకి కాళ్ళు చాపుకునే చోటు దొరికి ఉంటుంది.

మబ్బుకి అప్పుడే చీకటి పడ్డట్టుంది. అప్పుడు కట్ట మీద నుంచి ఒకాయన దిగాడు. నడుముకి తువ్వాలు, భుజం మీద వల, చేతిలో వెదురు గంప. నేను గంప లోతు చూశాను. కాస్త ముడుచుకుంటే సరిపోతాను.

"ఏందిరా, గిట్ల నిలబడ్డవ్? ఎవలింటి పోరనివి?" అన్నాడు. ఎలాగూ తినబోయేవాడికి ఇంటి పేరెందుకు? ఆయన నా చెయ్యి పట్టుకుని నడిపించాడు. కాళ్ళు ఆయన మాటే విన్నాయి.

వాళ్ళింట్లో ఆయన ముసలి తల్లి కత్తిపీట ముందు కూర్చుని చేప కోస్తోంది. పక్కన పొయ్యి మీద పెద్ద గిన్నెలో నీళ్ళు మరుగుతున్నాయి. పెదనాన్న చెప్పిన చరిత్రలో ఒక్క ముక్కా అబద్ధం లేదని అర్థమైంది. కళ్ళు గట్టిగా మూసుకున్నాను.

తెరిచేసరికి మూలన, అన్నం కంచం ముందు, నాకంటే చిన్న పిల్ల ఒకటి కూర్చుని ఉంది. నా టై చూసింది, బూట్లు చూసింది. ఇల్లు ఎగిరిపోయేటట్టు కేక పెట్టింది.

"అవ్వా! కాలనీవోడు వచ్చిండే! తింట, తింట, మొత్తం తింట!"

రెండు చేతులతో అన్నం నోట్లో కుక్కుకోసాగింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, నమలడం మాత్రం ఆపడం లేదు. ఎవర్ని చూసి అంత భయపడుతోందా అని వెనక్కి తిరిగాను. నా వెనక ఎవరూ లేరు.

అవ్వ పడీ పడీ నవ్వింది. "ఇది అన్నం తినది బిడ్డా. కాలనీవోళ్ళు ఎత్తుకపోతరు అంటెనే తింటది. ఏం జెయ్యాలె?" అంది. తన చిన్నప్పుడు తన అవ్వ టోపీ దొరల పేరు చెప్పేదట. ఆ దొరలు బొల్లారంలోని ఇంగ్లీషు దండు నుంచి గుర్రాల మీద పిట్టల వేటకి వచ్చి, వీళ్ళని జంగ్లీలని కసిరేవారట. ఆ ఎర్ర మొహాలు పచ్చి మాంసం తినడం వల్లనేనని వీళ్ళు గట్టిగా నమ్మేవారట. దొరలు పోయాక కొన్నేళ్ళు పిల్లలకి అన్నం తినిపించడం కష్టమైంది. తర్వాత మేం వచ్చాం. వాళ్ళు వలలు ఆరేసుకునే జాగాలోనే మా గోడ లేచింది.

"నేను ఇడిసిపెట్టొస్త తీ" అని కొడుకు నన్ను ఎత్తుకోబోయాడు. అవ్వ నవ్వు అక్కడే ఆగిపోయింది.

"నువ్వు పోకు కొడుకా. నువ్వే ఎత్తుకపోయినవంటరు. మొన్న ఆళ్ళ గేటు కాడ వల పట్టుకోని నిలబడ్డందుకే నిన్ను దొంగోడని కొట్టిన్రు."

"మరి పోరన్ని ఈడనే ఉంచుకుంటమా? గదింకా పరేషాన్."

ఇద్దరూ నా వైపు చూశారు. ఇంట్లోకి పాము వస్తే చూసే చూపు అది. నా భయం మేడ మీది పాఠంలోంచి వచ్చింది. వాళ్ళ భయం వీపు మీది దెబ్బలోంచి వచ్చింది. ఆ తేడా అప్పుడు తెలియలేదు. ఆ ఇంట్లో అందరికంటే ప్రమాదకరమైన ప్రాణిని నేనేనని మాత్రం తెలిసింది.

చివరికి అవ్వ మనవరాలిని చంకనెత్తుకుని, నాకు వేలు అందించింది. "పసిపిల్ల సంకల ఉంటే చెయ్యి లేపరు" అంది. కొడుక్కి చెప్పినట్టు లేదు, తనకి తాను చెప్పుకున్నట్టుంది.

కాలనీ గేటు దగ్గర టార్చిలైట్లు, కర్రలు. "ఇంకెవరు, చెరువోళ్ళే ఎత్తుకుపోయుంటారు!" అన్న మాట దూరం నుంచే వినపడింది. ముందు మా పెదనాన్న, ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో నా క్రికెట్ బ్యాటు. వాళ్ళంతా నన్ను ఎత్తుకుని ఆడించిన అంకుళ్ళే. ఆ మొహాలు మాత్రం నేనెప్పుడూ చూడలేదు. నా ఇంటివాళ్ళని చూసి నాకు మొదటిసారి భయమేసింది. అవ్వ వేలు గట్టిగా పట్టుకున్నాను. ఆమె పిల్లని చంకలో ఇంకాస్త పైకి ఎత్తుకుంది.

"ఎవరే నువ్వు? వదులు పిల్లాణ్ణి!" బ్యాటు లేచింది.

"దండం పెడ్త సారూ, పోరడు కట్ట కాడ ఒక్కడే..." అవ్వ మాట ఎవరూ వినడం లేదు. ఒకాయన అప్పటికే ఆమె భుజం పట్టుకున్నాడు.

అప్పుడు చంకలోని పిల్ల మా పెదనాన్న వైపు వంగి, నోరు బార్లా తెరిచింది. "తిన్న. మొత్తం తిన్న. సూడు" అంది, ఏడుస్తూనే.

టార్చిలైటు ఆ నోట్లో పడింది. పాలపళ్ళు, నాలిక, నాలిక మీద ఒక మెతుకు.

"ఏమంటోందిరా?" అన్నారు పెదనాన్న.

"అన్నం తినకపోతే మీరు ఎత్తుకుపోతారట పెదనాన్నా. అందుకని చూపిస్తోంది."

భుజం మీది చెయ్యి జారింది, బ్యాటు దిగింది. పెదనాన్న చేతిలోని గొడుగు అవ్వకిచ్చి లోపలికి వెళ్ళిపోయారు. ఆ రోజుతో ఆయన మారిపోయారని రాస్తే బాగుంటుంది. మారలేదు. మరుసటి ఆదివారం నిచ్చెన ఉన్నచోటే ఉంది. పైగా ఆ గొడుగు మా పెద్దమ్మది.

ఇప్పుడు మేడ్చల్‌లో ఉద్యోగం చేస్తున్నాను. "ఆ జనమే అంత, వాళ్ళకి కల్చర్ లేదు" అని ఎవరైనా అంటే నేను వాదనకి దిగను, నాకంత ఓపిక లేదు. ఈ పూట ఏ ఇంట్లో, ఏ పిల్లకి, నా పేరు చెప్పి ముద్ద దించుతున్నారో అనుకుంటాను. చేతిలో ఏదైనా ఉంటే కింద పెడతాను.

ఆ వానలో తడిసినందుకు మర్నాడు జలుబు చేసింది. ఆవిరి పట్టించారు, తగ్గింది.