లిఫ్టుకు గుమ్మడికాయ కొట్టిన ఏడాది

కరోనా వెళ్ళిపోయిన మరుసటి ఏడాది మాట ఇది. తిరుపతిలో కరకంబాడి రోడ్డు వైపు అయిదంతస్తుల అపార్ట్‌మెంటు ఒకదానికి నేను కేర్‌టేకరును. అంతకు ముందు ఆ ఉద్యోగం మా ఆయనది. అప్పుడు దాన్ని వాచ్‌మన్ అనేవాళ్ళు. ఆయన పోయాక నన్ను పెట్టుకున్నారు. ఆడమనిషిని వాచ్‌మన్ అంటే బాగుండదని కమిటీ పేరు మార్చింది, పని మార్చలేదు. తెల్లారి మోటారు వేయడం, ట్యాంకు నిండితే ఆపడం, మెట్లు కడగడం, లిఫ్టు ఆగితే కంపెనీకి ఫోను చేయడం.

కమిటీ అంటే తెలియనివాళ్ళ కోసం చెబుతాను. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి అని ముగ్గురుంటారు. మా అధ్యక్షుడు రిటైరైన తహసీల్దారు, దేనికైనా ముందు కాగితం అడుగుతారు. కార్యదర్శి హైస్కూల్లో సైన్సు చెప్పిన ఐవారు, దేన్నైనా ముందు విప్పుతారు. ఆ ఇద్దరూ ఒప్పుకున్నదానికి కోశాధికారి తల ఊపుతారు.

ఆ ఏడాది లిఫ్టు కంపెనీతో ఒప్పందం ముగిసింది. ఒప్పందమంటే, నెలకొకసారి మెకానిక్కు వచ్చి తాళ్ళు, తలుపులు, కింద గుంట చూసి పుస్తకంలో సంతకం పెట్టిపోవడం. అతను చూసేటప్పుడు టార్చి పట్టుకునేది నేనే. లిఫ్టుకు రెండు కట్టుబాట్లున్నాయని అతనే చెప్పాడు. అన్ని అంతస్తుల తలుపులూ మూసి ఉంటేనే మనుషులెక్కే పెట్టె కదలాలి. పెట్టె వచ్చి నిలిస్తేనే తలుపు తెరుచుకోవాలి.

“గ్రీజు పూసి పోయేదానికి మనిషి యాలప్పా? మనకు చేతులు లేవా?” అని ఐవారు మీటింగులో అడిగారు. ఉన్నాయని అందరూ ఒప్పుకున్నారు. నెలకొక ఇంటి వంతున గ్రీజు జాబితా నోటీసుబోర్డు ఎక్కింది. మొదటి నెలవాళ్ళు ఎక్కడ పూయాలో తెలియక తలుపు పిడికి పూశారు. రెండో నెల నుంచి గ్రీజు డబ్బా నా గదిలోనే ఉండిపోయింది.

ఇంతలో ఆయుధపూజ వచ్చింది. కార్లకూ స్కూటర్లకూ చేసినట్టే లిఫ్టుకూ చేయాలన్నారు. ఐవారు పైపు పెట్టి లిఫ్టు పెట్టెను కడిగించారు. పసుపు, కుంకుమ, పూలదండ అయ్యాక, దిష్టి పోవాలని సరిగ్గా గడప మీదే గుమ్మడికాయ కొట్టారు. పెట్టెకూ గడపకూ మధ్య వేలు దూరేంత సందు ఉంటుంది. నీళ్ళు, గింజలు, నిమ్మకాయలు అన్నీ ఆ సందులోంచి గుంటలోకి దిగాయి. మరునాడు లిఫ్టు ఆగింది.

నాలుగో అంతస్తులో షరీఫాబీ ఉండేది. పరుపుల అంగడి ఖాజా వాళ్ళమ్మ. జారిపడి మోకాలి కింద ఎముక విరిగితే ఎముకల కట్లకు పేరుపడ్డ పుత్తూరులో కట్టు కట్టించుకొచ్చారు. సోమవారం తప్పకుండా వచ్చి కట్టు మార్చుకోవాలి, ఆలస్యమైతే ఎముక వంకరగా అతుక్కుంటుందని కట్టు కట్టినాయన చెప్పి పంపాడు.

కంపెనీకి ఫోను చేద్దామని నేనన్నాను. ముందు మూడు కొటేషన్లు రావాలని అధ్యక్షుడు అన్నారు. ఐవారు అప్పటికే స్క్రూడ్రైవరు తెచ్చుకున్నారు. ఆదివారమంతా తలుపుల తాళాలు తెరిచి చూశారు. సాయంత్రానికి లిఫ్టు తిరిగింది. అందరూ చప్పట్లు కొట్టారు.

సోమవారం పొద్దున మెట్లు కడుగుతూ నాలుగో అంతస్తుకు వచ్చాను. ఎందుకో లిఫ్టు తలుపు లాగి చూశాను. వచ్చింది. ఎదురుగా పెట్టె లేదు. చీకటి, అట్టడుగున గుమ్మడికాయ ముక్క. నేను చూస్తుండగానే, తలుపు తెరిచి ఉన్నా, పైన అయిదో అంతస్తు నుంచి పెట్టె కిందికి కదిలింది.

తలుపు మూసి దాని ముందు పీట వేసుకుని కూర్చున్నాను. కాసేపటికి ఖాజా చక్రాల కుర్చీలో తల్లిని తీసుకొచ్చాడు. వెనకే కమిటీ వచ్చింది.

“లెయ్ మునెమ్మా. లిఫ్టు తిరగతా ఉండాది, కనపడలా?” అన్నారు ఐవారు.

“తిరగతా ఉండాది ఐవారూ. తలుపు తీసినా తిరగతా ఉండాది. బీబమ్మను ఎక్కనీను.”

కేర్‌టేకరు కమిటీ మాట కాదనడం క్రమశిక్షణ ఉల్లంఘన కిందికి వస్తుందని అధ్యక్షుడు అక్కడికక్కడే మెమో రాయించారు. షరీఫాబీ అంతా విని నెమ్మదిగా అంది: “తాసిల్దారు సారూ, ముందు మీరెక్కి కిందికి పోయి రాండి. ఆ పైన నేనెక్కతా.”

అధ్యక్షుడు గడియారం చూసుకున్నారు. తర్వాత కొయ్యకుర్చీ తెమ్మన్నారు.

కుర్చీకి నాలుగు కాళ్ళు. ఒకటి ఖాజా, మిగతా మూడు కమిటీ పట్టుకున్నారు. “మెల్లగా అప్పా, ఇరిగింది ఒక కాలే. రెండోది ఉండనీండి” అంటూ షరీఫాబీ మెట్టు మెట్టుకూ చెబుతూనే ఉంది. రెండో అంతస్తుకూ మొదటి అంతస్తుకూ మధ్య అధ్యక్షుడికి నడుము పట్టేసింది. కుర్చీ మెట్ల మలుపులో దించారు. మెకానిక్కును పిలవాలన్న తీర్మానం అక్కడే, కొటేషన్లు లేకుండా, ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. షరీఫాబీ ఓటు అడిగితే, “పుత్తూరు చేరినంక ఏస్తా” అంది.

అధ్యక్షుడు వదిలిన కుర్చీ కాలు నేను పట్టాను. ఆమె వేళకే పుత్తూరు చేరింది. ఆమె వెళ్ళిన బండిలోనే ముందు సీటులో అధ్యక్షుడూ వెళ్ళారు. ఇద్దరూ కట్లతో తిరిగొచ్చారు.

ఆ మధ్యాహ్నం పాత మెకానిక్కు వచ్చి కరెంటు తీసేసి గుంటలోకి దిగాడు. బకెట్టు నిండా గింజలు, నిమ్మకాయలు పైకిచ్చాడు. నీళ్ళకు చెడిపోయిన వైరు మార్చాడు. నాలుగో అంతస్తు తలుపు గొళ్ళెం వంగిపోయి పడటం లేదన్నాడు. తర్వాత మూరెడు తీగ పట్టుకొచ్చి, తలుపు తెరిచినా పెట్టె నడిచేటట్టు దీన్ని కలిపిందెవరని అడిగాడు. ఐవారు నోటీసుబోర్డు చదువుతున్నారు.

“ఇంకో దినం ఇట్లే ఉండుంటే ఈడికి నేను కాదు, పోలీసులు వచ్చుందురు” అన్నాడు మెకానిక్కు.

ఇన్నేళ్ళ పనిలో నేను నేర్చుకున్నది ఇది. కొళాయి వాషరు, మెట్ల మీద బల్బు మనమే మార్చుకోవచ్చు. పొరపాటైతే నీళ్ళు కారతాయి, చీకటి పడుతుంది, అంతే. పొరపాటైతే మనిషి పడిపోయే పనికి మాత్రం అది తెలిసినవాణ్ణి మొదటే పిలవాలి. కమిటీ ఈ మాటనే తీర్మానంగా రాసుకుంది, తమ అనుభవం అని. నా మెమో మాత్రం ఫైలులో ఉండిపోయింది. రద్దు కావాలంటే తప్పు ఒప్పుకుంటూ నేను అర్జీ పెట్టాలట. రిటైరయ్యేదాకా పెట్టలేదు.